గాలితిత్తి మీద సవారీ

రెండేళ్ళ కిందట, భోగి ముందరి రోజు తెల్లవారుజామున, ఏటికొప్పాకలో మా ఇంటి వాకిట ఒక జర్మనీ కారు మోకరిల్లి కనిపించింది. రాత్రి నిలబెట్టినప్పుడు నాలుగు మూలలా సమంగానే ఉంది. తెల్లవారేసరికి కుడివైపు ముందు చక్రం సగానికి పైగా మడ్‌గార్డు లోపలికి దూరిపోయింది. దానికి ఎదురు మూల, అంటే ఎడమవైపు వెనక భాగం, ఆ మేరకు కాస్త పైకి లేచింది. ముగ్గు వెయ్యడానికి వచ్చిన మా పిన్ని ముగ్గుచిప్పతో అలాగే నిలబడిపోయి, "మీ బాబాయిని లేపరా, కారుకి పక్షవాతం వచ్చింది" అంది.

ఆ కారు వయసు అప్పటికి పద్దెనిమిదేళ్ళు. కొత్తలో కోటీశ్వరులు తిరిగినది. మా బాబాయి చేతికి వచ్చేసరికి దాని ధర మధ్యతరగతి వాడి కొత్త కారు ధరకి దిగింది. పాత విలాసవంతపు కార్ల విషయంలో ఉన్న మాయ ఇదే: కొనే ధర తగ్గుతుంది గానీ బాగుచేయించే ధర తగ్గదు. ఈ సంగతి బాబాయికి తెలియక కాదు. మా మామ్మకి అంతకు ముందు ఏడాది వెన్నుపూస చిట్లింది. బయటికి తీసుకెళ్ళవచ్చు గానీ కుదుపు తగలకూడదన్నారు వైద్యులు. ఆవిడకేమో భీష్మ ఏకాదశి నాటికి అన్నవరం వెళ్ళి సత్యనారాయణస్వామి వ్రతం చేయించుకుంటానని మొక్కు ఉంది. కుదుపు లేని బండి కోసం బాబాయి వెతికి వెతికి ఈ పాత కారుని తెచ్చాడు. దీనికి ఉక్కు స్ప్రింగులు లేవు. నాలుగు మూలలా నాలుగు రబ్బరు సంచులు, వాటి నిండా గాలి. కారు మొత్తం ఆ గాలి మీదే ఆని ఉంటుంది.

ఆ సంచిని ఇంగ్లీషులో ఎయిర్ స్ప్రింగు అనీ, బెల్లోస్ అనీ అంటారు. మన కొలిమి దగ్గర ఉండే తోలుతిత్తి కూడా బెల్లోసే కదా! అందుకని నేను దీనిని గాలితిత్తి అంటాను. పారిభాషిక పదాల విషయంలో పట్టింపు ఉన్న మిత్రులు మరో మంచి మాట చెబితే సంతోషంగా మార్చుకుంటాను.

పండగ మూడు రోజులూ కారు కదలలేదు కాబట్టి నాకు చదువుకునే తీరిక దొరికింది. ఒక తిత్తి చిల్లు పడిన కారణాన్ని వెతకబోయి మూడున్నర శతాబ్దాలు వెనక్కి వెళ్ళి వచ్చాను. ఆ ప్రయాణం గురించే ఈ వ్యాసం.

మన నాటుబండికి స్ప్రింగు లేదు. ఇరుసు మీద నేరుగా బండి చట్రం. చక్రానికి ఇనుప పట్టా, ఇరుసుకి కాల్చిన గడ్డి మసీ ఆముదమూ కలిపిన కందెన. ఎగుడుదిగుడు దారిలోని ప్రతి రాయీ కూర్చున్న వాడి వెన్నులోకి నేరుగా ఎక్కుతుంది. సవారీబండిలో గడ్డి పరిచి, దాని మీద బొంత పరిచి కూర్చోవడమే మన పూర్వీకులకి తెలిసిన ఉపాయం. ఆలోచించి చూస్తే ఆ గడ్డిలో కుదుపుని మింగినది సగం గడ్డి పరకల వంపూ, సగం వాటి మధ్య చిక్కుకున్న గాలీ.

తరవాత జట్కాలకి కమానులు వచ్చాయి. ఇంగ్లీషువాళ్ళు లీఫ్ స్ప్రింగు అన్నదానిని మన మెకానిక్కులు ఇప్పటికీ కమాను కట్ట అనే అంటారు. విల్లు అనే అర్థం ఉన్న ఆ పారశీక పదం ఈ వస్తువుకి ఎంత చక్కగా అతికిందో చూడండి. 1804లో ఒబదయా ఎలియట్ అనే ఇంగ్లండు బండ్ల తయారీదారు ఎదురెదురుగా రెండు కమానులు బిగించి, వాటి మీద బండిని నిలబెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అది మొదలు నూరేళ్ళకి పైగా కమానుదే రాజ్యం. హైదరాబాదు చౌమహల్లా పాలెస్‌లో పసుపుపచ్చ రంగుతో మెరిసే 1912 నాటి రోల్స్ రాయిస్ కారుని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసమని తయారై, ఆయన 1911లో పోవడంతో ఏడవ నిజాం చేతికి వచ్చిన కారు అది. తిరిగిన దూరం చాలా తక్కువ. నిలబడి ఉన్న కాలం నూరేళ్ళ పైమాట. అంత ఖరీదైన కారుకీ ఉన్నవి ఉక్కు కమానులే. అందుకే అన్నేళ్ళు నిలబడినా కాలు మడవలేదు. మా బాబాయి కారు పదకొండు గంటలు కూడా నిలబడలేకపోయింది.

గాలి స్ప్రింగులా పనిచేస్తుందన్న ఊహ మోటారు కారు కంటే చాలా పాతది. రాబర్ట్ బాయిల్ 1660లో అచ్చు వేయించిన పుస్తకం పేరులోనే "గాలి స్ప్రింగు" అన్న మాట ఉంది. ఆయన గాలిని ఉన్ని కుప్పతో పోల్చాడు: నొక్కితే అణుగుతుంది, వదిలితే పొంగుతుంది. రెండేళ్ళకి, 1662లో, మనం బడిలో వల్లెవేసిన సూత్రం వచ్చింది: గాలిని సగం చోటుకి కుదిస్తే దాని ఒత్తిడి రెట్టింపవుతుంది. ఇక్కడ ఒక ముచ్చటైన సంగతి ఉంది. ఆ ప్రయోగాలకి బాయిల్ వాడిన గాలిపంపుని తయారుచేసి ఇచ్చినవాడు ఆయన సహాయకుడు రాబర్ట్ హుక్. ఎంత బరువుకి అంత సాగుబాటు అని ఉక్కు స్ప్రింగు సూత్రాన్ని 1678లో ప్రకటించినవాడూ ఆ హుక్కే. ఉక్కు స్ప్రింగుకీ గాలి స్ప్రింగుకీ పుట్టిల్లు ఒకటేనన్నమాట! ఆ తరవాత రెండున్నర శతాబ్దాలు పెద్ద కూతురే పెత్తనం చేసింది.

కారణం సులభం. గాలిని నిలవ ఉంచే సంచి లేదు. తోలుతిత్తి ఊదడానికి పనికొస్తుంది గానీ రాత్రంతా బరువు మొయ్యలేదు. చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుని గంధకంతో కలిపి కాచి దృఢపరిచే కిటుకు 1839లో కనిపెట్టాకే దారి తెరుచుకుంది. 1845లో స్కాట్లండు దేశస్థుడు రాబర్ట్ థామ్సన్ గాలి టైరుకి పేటెంటు తీసుకున్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1888లో బెల్‌ఫాస్టులో జాన్ డన్‌లప్ తన కొడుకు మూడుచక్రాల సైకిలు కోసం అదే వస్తువుని మళ్ళీ కనిపెట్టాడు. ఈసారి లోకమంతా పట్టించుకుంది. చక్రం చుట్టూ గాలి నిలిచినప్పుడు చక్రానికీ బండికీ మధ్య మాత్రం ఎందుకు నిలవదని 1901లో అమెరికాలో విలియం హంఫ్రీస్ వాహనాలకి గాలి స్ప్రింగు అంటూ పేటెంటు పుచ్చుకున్నాడు. 1909లో ఇంగ్లండులో కౌవీ అనే సంస్థ కారుకి బిగించి చూపించింది. అది కారింది. ఈ చరిత్రలో "అది కారింది" అన్న వాక్యం మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఓపిక పట్టాలి.

1920లలో జార్జ్ మెస్సియే అనే ఫ్రెంచివాడు స్ప్రింగులే లేని కార్లని తన పేరుతో అమ్మాడు. కార్ల వ్యాపారం నిలవలేదు గానీ ఆ తెలివితేటలు విమానాల వైపు మళ్ళాయి. మెస్సియే పేరు తరవాత విమానాల చక్రాల వ్యవస్థలకి మారుపేరయింది. అమెరికాలో ఫైర్‌స్టోన్ సంస్థా జనరల్ మోటార్సూ బస్సులకి గాలితిత్తులు బిగించి 1944లో పరీక్షలు చేశాయి. 1953 నుంచి వాటిని మామూలు బస్సులుగానే అమ్మారు. బస్సులో ఈ వ్యవస్థ ఒదిగిపోయింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. బస్సుకి బ్రేకుల కోసం కంప్రెసర్ ఎలాగూ ఉంటుంది. తిత్తికి కావలసినంత చోటు ఉంటుంది. రోజూ రాత్రి డిపోకి చేరుతుంది. అక్కడ చూసుకునే మనిషి ఉంటాడు.

గాలి మీద ఇంత మోజు ఎందుకన్న ప్రశ్నకి సమాధానం మన అంబాసిడర్ కారు చెబుతుంది. పెళ్ళివారు ఎనిమిది మంది ఎక్కి, డిక్కీలో పెట్టెలు సర్దితే దాని వెనక భాగం నేలని ముద్దుపెట్టుకునేది, ముందు దీపాలు చెట్ల కొమ్మలని వెతికేవి. ఉక్కు కమాను బిగువు పుట్టుకతో వచ్చినది. బరువుని బట్టి మారదు. ఒక్కరికి మెత్తగా ఉండేలా చేస్తే ఎనిమిది మందికి కుంగుతుంది. ఎనిమిది మందికి నిలిచేలా చేస్తే ఒక్కరిని ఎగరేస్తుంది. గాలితిత్తిలో బరువు పెరిగినప్పుడు ఇంకొంచెం గాలి నింపితే చాలు. ఒత్తిడి పెరుగుతుంది, దానితోపాటు బిగువూ పెరుగుతుంది, ఎత్తు మాత్రం మారదు. ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా ఊగే తీరు ఇంచుమించు ఒక్కలాగే ఉంటుంది. చిన్న లెక్క వేసి చూద్దాం. రెండు టన్నుల కారులో ఒక్కో మూల మీద సుమారు అయిదు వందల కిలోలు. తిత్తిలో గాలి చదరపు సెంటీమీటరుకి ఏడు కిలోల చొప్పున నెడుతోందనుకుంటే డెబ్బై ఒక్క చదరపు సెంటీమీటర్ల వైశాల్యం చాలు. అంటే తొమ్మిదిన్నర సెంటీమీటర్ల వ్యాసం, ఒక మాదిరి చెంబు మూతి. కారు టైరులో ఉండే ఒత్తిడికి ఇది మూడింతలు. అంతటి బలం ఒక పలచని రబ్బరు మడతలో బందీగా ఉంటుంది. కారు కిందికి దూరేవాళ్ళు ఈ మాట మరిచిపోరాదు.

ఇక విలాసవంతపు కార్ల కథ. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ అనే కారు పదమూడు వేల డాలర్ల ధరతో, నాలుగు మూలలా గాలితిత్తులతో వచ్చింది. 1957, 58 సంవత్సరాలలో తయారైనవి ఏడు వందల చిల్లర మాత్రమే. మరుసటి ఏడాది జనరల్ మోటార్స్ తన షెవ్రొలే, పాంటియాక్, ఓల్డ్స్‌మొబిల్, బ్యూయిక్ కార్లన్నిటికీ కావాలన్నవారికి గాలి స్ప్రింగులు అమ్మింది. అవి కారాయి! గాలిలోని తేమ చలికాలంలో కవాటాలలో గడ్డకట్టింది. అతుకుల దగ్గర సన్నగా గాలి పోయేది. వేలు పోసి కొన్న కొత్త కారు తెల్లవారేసరికి ఇంటి ముందు ఒక పక్కకి ఒరిగి ఉంటే ఇరుగుపొరుగు నవ్వరా? రెండు మూడేళ్ళలో ఆ సరదా తీరిపోయింది. డీలర్లు గాలితిత్తులు ఊడబెరికి ఉక్కు స్ప్రింగులు బిగించి ఇచ్చారు. ఇవాళ పాత కార్ల సంతల్లో కనబడే ఎల్డొరాడో బ్రోమ్‌లలో చాలావాటికి ఉన్నవి ఉక్కు స్ప్రింగులే. భోగి నాడు మా వాకిట్లో కొందరు బంధువులు బాబాయికి ఇచ్చిన సలహా కూడా సరిగ్గా అదే. అరవై ఆరేళ్ళ నాటి సలహా అని వాళ్ళకి తెలియదు.

ఫ్రాన్సులో సిట్రోయెన్ సంస్థ మరో దారి పట్టింది. పాల్ మాజెస్ అనే ఇంజనీరు గాలికి బదులు నైట్రోజన్ వాయువుని ఉక్కు గోళంలో శాశ్వతంగా బంధించి, దానికీ చక్రానికీ నడుమ నూనెని పెట్టాడు. 1954లో ఒక కారు వెనక చక్రాలకీ, 1955 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో డీఎస్ అనే కారుకి నాలుగు చక్రాలకీ అది వచ్చింది. 1962 ఆగస్టు 22న డీగాల్ మీద హత్యాప్రయత్నం జరిగినప్పుడు ఆయన కారు టైర్లు తూటాలకి పేలిపోయినా అదుపు తప్పకుండా బయటపడింది. అది డీఎస్ కారే. దానికీ కష్టాలున్నాయి. మొదట వాడిన ఎర్రని ద్రవం తేమని పీల్చుకుని లోపలి గొట్టాలని తుప్పు పట్టించేది. 1966లో పచ్చని ఖనిజ తైలానికి మారాక గానీ ఆ బాధ తీరలేదు. రోల్స్ రాయిస్ అంతటివాళ్ళు 1965 నాటి సిల్వర్ షాడో కారు కోసం సిట్రోయెన్ దగ్గర ఈ విద్యకి లైసెన్సు పుచ్చుకున్నారు. 2017తో సిట్రోయెన్ ఆ అధ్యాయాన్ని ముగించింది.

జర్మన్లది మొండిపట్టు. 1961లో మెర్సిడెస్ 300 ఎస్ఈ, 1963లో దేశాధినేతలు మోజుపడిన 600, రెండూ గాలి మీదే నడిచాయి. ఇంజనుకి తగిలించిన చిన్న గాలిపంపు, ఇరుసుకి కట్టిన మీటతో తెరుచుకునే కవాటం, తేమ గడ్డకట్టకుండా గాలిలో ఆల్కహాలు ఆవిరి కలిపే ఒక బుల్లి పాత్ర. (కారు కూడా చలికాలంలో కాస్త పుచ్చుకునేదన్నమాట!) 1984లో అమెరికా లింకన్ మార్క్ 7 కారులో మీటల స్థానంలో ఎలక్ట్రానిక్ సెన్సర్లు వచ్చాయి. 1998లో మెర్సిడెస్ ఎస్ తరగతి కారు మళ్ళీ నాలుగు మూలలా గాలితిత్తులతో రావడంతో మిగిలినవాళ్ళంతా ఆ బాట పట్టారు. ఇప్పుడు విద్యుత్తుతో నడిచే కంప్రెసర్, గాలిలోని తేమని పీల్చే సిలికా గుళికల డబ్బా, గాలిని ఏ మూలకి పంపాలో తేల్చే కవాటాల దిమ్మె, చక్రం ఎత్తు చూసే సెన్సర్లు, వీటన్నిటినీ ఆడించే కంప్యూటరు. తేమని వదిలించుకోవడానికి పట్టిన నలభై ఏళ్ళే ఈ చరిత్ర అంతటికీ ఆయువుపట్టని నాకు అనిపించింది.

మన సామాన్యులకి గాలి మీద సవారీ విలాసవంతపు కారులో దక్కలేదు, బస్సులో దక్కింది. 2001లో వోల్వో బీ7ఆర్ బస్సులు మన దేశానికి వచ్చాయి. తరవాత ఆర్టీసీ గరుడ బస్సెక్కి విశాఖ నుంచి హైదరాబాదు వెళ్ళినవారికి ఆ మెత్తదనం గుర్తుండే ఉంటుంది. 2023 జనవరి 15న, సంక్రాంతి నాడు, విశాఖ–సికింద్రాబాదు వందే భారత్ రైలు మొదలైంది. దాని పెట్టెలు కూడా గాలి స్ప్రింగుల మీదే ఆని ఉంటాయి. మా ఎలమంచిలి స్టేషనులో ఆగకుండా దూసుకుపోతుంది లెండి. ఆ మెత్తదనం మాకు చూసి ఆనందించడానికే.

మళ్ళీ వాకిట్లోకి వద్దాం.

ఏటికొప్పాక అంటే మీకు లక్కబొమ్మలు గుర్తొస్తాయి. వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళో అంకుడు కర్రని తరిమెన మీద (ఇప్పుడందరూ లేతు మిషనే అంటారు) తిప్పుతూ, లక్కకడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పడుతుంది. మా పక్కింటి తాత ఆ పనిలో యాభై ఏళ్ళుగా ఉన్నాడు. ఆయన వచ్చి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఏటి బాబూ, గుర్రం ఒక కాలే మడిసింది? మూడు కాళ్ళు బాగున్నాయంటే కడుపులో రోగం కాదు, ఆ కాల్లోనే" అన్నాడు. ఏ పుస్తకంలోనైనా రోగనిర్ణయానికి మొదటి మెట్టు ఇదే. నాలుగూ కుంగితే కంప్రెసరో కంప్యూటరో. ఒక్కటే కుంగితే ఆ మూల తిత్తి, లేదా దాని గొట్టం.

ఇంజను వేస్తే కంప్రెసర్ గొణుగుతూ ఆ మూలని మెల్లగా పైకి లేపింది. తిత్తి పూర్తిగా పేలలేదు, సన్నగా కారుతోంది. ఇలాంటప్పుడు చాలామంది రోజూ లేపుకుని తిరిగేస్తారు. నిమిషం పని చెయ్యవలసిన కంప్రెసర్ అరగంట చేసి చివరికి మాడిపోతుంది. అప్పుడు ఒక ఖర్చు రెండవుతుంది. అందుకని ఆ మూల లేవగానే కంప్రెసర్ ఫ్యూజు పీకేశాం. కారుని జాకీ మీద లేపి, జాకీని నమ్మకుండా కింద దిమ్మెలు పెట్టాం. తాత తన దగ్గరున్న అంకుడు దుంగలు తెస్తాడేమో అనుకున్నాను. ఆయన నవ్వి, అంకుడు మెత్తని కర్ర, బొమ్మకి మంచిది గానీ బరువుకి కాదని చెప్పి, బండి పనికి దాచిన తుమ్మ దిమ్మెలు దొర్లించుకొచ్చాడు.

చిల్లు వెతకడానికి సబ్బునీళ్ళు చల్లుతారు. మర్నాడు భోగి తలంట్లకని నానబెట్టిన కుంకుడుకాయల గిన్నె పిన్ని దగ్గర ఉంది. ఆ నురుగే తెచ్చాం. చక్రం తీసి, తిత్తి మీది దుమ్ము తొడుగు కిందికి లాగి, కుంకుడు రసం పూశాం. మడత దగ్గర ఒకచోట నురుగు బుడగలై ఉబ్బడం మొదలెట్టింది. ఆవగింజంత బుడగ, పక్కన ఇంకొకటి, వరసగా.

పంచరు అతుకు వెయ్యలేమా అన్న ప్రశ్న వచ్చింది. కుదరదు. చక్రం లేచి పడిన ప్రతిసారీ ఆ మడత రబ్బరు మీద పైకీ కిందికీ పాకుతుంది. ఏ అతుకూ ఆ పాకుడుకి నిలవదు. "లక్కతో మూసెయ్యరాదా తాతా?" అని మా పిన్ని కొడుకు అడిగాడు. "లక్క ఒక్కసారి కరిగి, ఒక్కసారి గట్టిపడతాది నాన్నా. ఇది అస్తమానూ ఊపిరి తీసే వస్తువు. దీనికి లక్క పనికిరాదు" అన్నాడాయన. రబ్బరు రాకముందు రెండు వందల ఏళ్ళు బాయిల్ సూత్రం కాగితం మీదే ఎందుకు ఉండిపోయిందో నాకు అప్పుడు ఇంకా బాగా అర్థమైంది.

చిల్లు చూపించిన ఇంకో సంగతి ఉంది. వయసుతో చెడిన తిత్తి అయితే మడత చుట్టూ ఎండిన చెరువు నేలలా సన్నని బీటలు ఉంటాయి. దీనికి అలా లేదు. మిగతా రబ్బరు నున్నగా, కొత్తగా ఉంది. ఒకే ఒక్క చోట, మడిచిన కాగితం మీది గీతలా, తిన్నని నొక్కు. ఆ నొక్కు వెంబడే బుడగలు. బాబాయి బిల్లుల సంచి తెరిచాడు. ఏడు నెలల కిందట నగరంలోని ఒక వర్క్‌షాపులో ఆ మూల తిత్తి మార్చారు. కొత్త తిత్తి బిగించాక గాలి నింపకుండానే కారుని నేల మీదికి దించితే, ఖాళీ రబ్బరు తప్పుగా మడతపడి బరువు కింద నలుగుతుంది. అప్పటికి పైకి ఏమీ తెలియదు. నెలలు గడిచాక ఆ నలిగిన చోటే చిట్లుతుంది. అది ఎవరో పోగొట్టిన అయిదు నిమిషాల ఓపిక. గొడవ పెట్టుకోమని బంధువులు బాబాయిని ఎగదోశారు. ఆయన బిల్లు మడిచి సంచిలో పెట్టేశాడు. గ్యారంటీ గడువు ఆరు నెలలే.

దారులు మూడు కనిపించాయి. కంపెనీ కొత్త భాగం: దాని ధరకి ఒక పాత మారుతి వస్తుంది. పాత భాగానికే కొత్త రబ్బరు తొడిగి ఇచ్చే రకం: అందులో మూడో వంతు. నాలుగు గాలితిత్తులూ పీకి ఉక్కు స్ప్రింగులు పెట్టించడం: శాశ్వతంగా బెంగ తీరుతుంది. చివరిదానికే ఓట్లు ఎక్కువ పడ్డాయి. నేనూ మొదట దానివైపే మొగ్గాను, నిజం ఒప్పుకుంటాను. 1958 నాటి అమెరికన్లకి అది సరైన పనే. వాళ్ళ తిత్తులకి తేమ రోగం ఉంది, మందు లేదు. మా కారుకి ఉన్నది రోగం కాదు, ఒకరి పొరపాటు. పైగా ఉక్కు స్ప్రింగులు పెట్టాక అది మామూలు బరువైన పాత కారు. దానికోసమైతే ఇంత దూరం రానక్కరలేదు. మామ్మ వెన్నుకి కావలసినది ఆ గాలే.

తాత ఈ వాదమంతా బీడీ కాలుస్తూ విన్నాడు. ఒకప్పుడు బజారు రంగులు చవగ్గా, సులువుగా వచ్చి ఏటికొప్పాక బొమ్మల మీద పరుచుకున్నాయి. సీ.వీ. రాజు గారు పసుపు, నీలి, జాఫ్రా వంటి మొక్కల రంగులని లక్కలో ఇమిడ్చే పద్ధతులు ఏళ్ళ తరబడి శ్రమించి తిరిగి నిలబెట్టారు. 2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఈ బొమ్మలే ఊరేగాయి. ఆ మాటలేవీ తాత అనలేదు. "రంగు మార్చడం కష్టం కాదు బాబూ, మళ్ళీ తెచ్చుకోవడం కష్టం. పీకినవి మళ్ళీ పెట్టగలరేటి?" అని మాత్రం అడిగాడు. పీకిన తిత్తుల వ్యవస్థని తిరిగి పెట్టడం దాదాపు అసాధ్యం. బాబాయి మధ్య దారి ఎంచుకున్నాడు.

కనుమ వెళ్ళిన నాలుగో రోజుకి హైదరాబాదు నుంచి పార్సిల్ వచ్చింది. విశాఖలో బస్సుల గ్యారేజీలో పనిచేసిన ఒక కుర్రవాడిని బతిమాలి పిలిపించాం. కారు మెకానిక్కు కంటే బస్సు మెకానిక్కుకే గాలి సంగతి బాగా తెలుస్తుందన్నది నా ఆలోచన; అది ఫలించింది. అతను ముందు ఆ మూల గాలి పూర్తిగా వదిలాడు. పాము బుస కొట్టినట్టు అరనిమిషం. తరవాతే గొట్టం విప్పాడు. ప్లాస్టిక్ గొట్టం చివర వంకరగా ఉందని పదునైన కత్తితో చదునుగా కోసి, కొత్త ఇత్తడి బిరడా వేశాడు. కొత్త తిత్తి బిగించాక చక్రం గాలిలో వేలాడుతుండగానే స్కానర్‌తో ఆజ్ఞ ఇచ్చి కొద్దిగా గాలి నింపాడు. చేతిని తిత్తి చుట్టూ తిప్పి మడత సమంగా పడిందో లేదో తడిమి చూశాడు. మళ్ళీ కుంకుడు నురుగు. బుడగ లేదు. అప్పుడు గానీ కారుని నేల మీదికి దించనివ్వలేదు. ఆ తడిమి చూడడానికి పట్టిన సమయం నేను గడియారంలో చూశాను: నాలుగు నిమిషాలు.

సాయంత్రం తాత తన ఇంట్లోంచి నాలుగు అంకుడు పుల్లలు తెచ్చాడు. చక్రం నడుమ నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఒక్కో మూల ఎంత ఎత్తుందో ఆ కొలతకి సరిగ్గా తరిమెన మీద తీసినవి. పసుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ లక్క పూసి, మొగలి ఆకుతో మెరుగుపెట్టి మరీ తెచ్చాడు. ఏ రంగు ఏ మూలదో మా అందరికీ అప్పగించాడు. కుడివైపు ముందు మూల పసుపు పుల్లది.

మర్నాడు తెల్లవారుతూనే పిల్లలు పుల్లలు పట్టుకుని పరిగెత్తారు. నాలుగూ సరిపోయాయి. రెండో రోజూ సరిపోయాయి. మూడో రోజు వెనక ఎడమ మూల ఆకుపచ్చ పుల్ల ఒక గోరంత ఎక్కువైందని గోల చేశారు. చూస్తే ఆ చక్రం ముగ్గుల పేడముద్ద మీద ఉంది.

భీష్మ ఏకాదశి నాడు తెల్లవారుజామున బయలుదేరాం. తుని దాటాక రోడ్డు పని జరుగుతున్నచోట రెండు మైళ్ళు కంకర. బాబాయి అద్దంలోంచి వెనక్కి చూస్తూనే ఉన్నాడు. మామ్మ పమిట కొంగు తల కింద పెట్టుకుని నిద్రపోతోంది. రత్నగిరి కింద కారు ఆపాక కళ్ళు తెరిచి, "ఇంకా బయల్దేరలేదేమిరా?" అంది.